రోడ్డు మీద వడ్లు, చెరువు పక్కన నల్లరేగడి: ఓరుగల్లు దారుల్లో కారవాన్ లాగేవారికి సమగ్ర మార్గదర్శి

కారవాన్ గురించి దొరికే పాఠాల్లో సగం మంచు గురించే ఉంటాయి. పైపులో నీళ్లు గడ్డకడితే ఏం చేయాలి, హీటర్ ఎంత గ్యాస్ తాగుతుంది, ఇలాంటివి. హనుమకొండ నుంచి ములుగు, భూపాలపల్లి, ఆదిలాబాద్ వైపు కారవాన్ లాగేవాళ్లకు వాటితో పనిలేదు. ఇక్కడ ఎదురయ్యేవి వేరు: సగం రోడ్డు దాకా ఆరబోసిన వడ్లు, రంగు వెలిసిపోయిన స్పీడ్ బ్రేకర్లు, మే నెల ఎండ, ఒక్క వానకే చక్రాన్ని మింగే నల్లరేగడి, రాత్రికి రాత్రి పొంగే వాగు. లోపలి సోకుల మీద పెట్టే డబ్బును బ్రేకులు, టైర్లు, చక్రాల కింద వేసే చెక్కల మీదకు మళ్లించడమే మన దగ్గర తెలివైన పని. కింద చెప్పేదంతా ఒకే ఇరుసు ఉన్న చిన్న కారవాన్ గురించి. మన జిల్లా రోడ్లకు అంతకన్నా పెద్దది తెచ్చుకుంటే తిప్పుకోవడానికే జాగా దొరకదు.

ముందు కాంటా, తర్వాతే కొనుగోలు

ట్రైలర్ కూడా చట్టం దృష్టిలో వాహనమే. దానికి విడిగా రిజిస్ట్రేషన్ నంబరు, ఇన్సూరెన్స్ ఉండాలి. వెల్డింగ్ షాపులో ముచ్చటగా చేయించుకున్న పెట్టెకు టైప్ అప్రూవల్, అంటే ఆ నమూనాకు అధికారిక ఆమోదం, ఉండదు, ఆర్టీఏ ఆఫీసులో అది నమోదు కాదు. అందుకని అనుమతి ఉన్న తయారీదారు దగ్గరే కొని, కాగితాలు చేతికి వచ్చాకే డబ్బు పూర్తిగా కట్టండి. సరుకుతో కలిపి 750 కిలోలు మించని ట్రైలర్లు టీ1 వర్గంలోకి, అక్కడి నుంచి 3.5 టన్నుల దాకా టీ2లోకి వస్తాయి.

ఆ 750 కిలోలు ఎంత తొందరగా నిండుతాయో చూడండి. ఖాళీ కారవాన్ 560 కిలోలు అనుకుందాం. మిగిలింది 190. నీళ్లు 60 లీటర్లు, అంటే 60 కిలోలు. ట్యూబులర్ బ్యాటరీ 35. గ్యాస్ నిండిన 5 కిలోల సిలిండర్ దాదాపు 13. బయట కట్టే గుడారం 20, తిండి సామాను 20, బట్టలు 20, పరుపులూ దుప్పట్లూ 15, కుర్చీలూ బల్లా 10. మొత్తం 193. టూల్ కిట్ ఇంకా ఎక్కించనే లేదు, అప్పుడే 3 కిలోలు ఎక్కువయ్యాయి. దీనికి మార్గం ట్యాంకు నింపుకోకుండా బయలుదేరడమే. నీళ్లు దిగేచోట దొరుకుతాయి.

లెక్కను కాగితం మీద వదిలేయకండి. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల, జిన్నింగు మిల్లుల దగ్గర, రైస్ మిల్లుల దగ్గర వేబ్రిడ్జిలకు కొదవ లేదు. కారవాన్‌ను కారు నుంచి విప్పి, ముందున్న చిన్న చక్రంతో సహా కాంటా మీదకు నెట్టి తూకం చీటీ తీసుకోండి. సామాను మొత్తం సర్దిన తర్వాతే తూయించాలి. ఖాళీ బండి తూకం తయారీదారు చెప్పనే చెప్పాడు.

కారు కొక్కెం మీద పడే బరువును, అంటే ముక్కు బరువును మాత్రం వేబ్రిడ్జి సరిగా చూపలేదు. అది 5 లేదా 10 కిలోల మెట్టుతో చదువుతుంది. ఇంట్లో మనుషులు ఎక్కి చూసుకునే తూకం యంత్రం తీసుకుని, దాని మీద ఒక చెక్క దిమ్మె నిలబెట్టి, కప్లింగ్‌ను, అంటే కారుకు తగిలించే కారవాన్ ముందు కొసను, దాని మీద ఆనించండి. కారవాన్ నేలకు సమానంగా, కారుకు తగిలించినప్పుడు ఎంత ఎత్తులో ఉంటుందో అంతే ఎత్తులో ఉండాలి. మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం రావాలి. 750 కిలోల బండికి దాదాపు 38 నుంచి 52 కిలోలు సరైన లెక్క. 20 కిలోలే చూపిస్తే వెనుక బరువు ఎక్కువైందన్నమాట. ఆ బండి రోడ్డెక్కితే తోక ఊపుతుంది.

లాగే కారు

బొలెరో, స్కార్పియో, ఇన్నోవా క్రిస్టా లాంటి ఛాసిస్ బండ్లు ఈ పనికి సులువు. ఏ కారైనా సరే, ఎంత బరువు లాగొచ్చన్నది దాని మాన్యువల్ చెప్పాలి. మాన్యువల్‌లో లేకపోతే కంపెనీ నుంచి రాతపూర్వకంగా అడిగి తెప్పించుకోండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక కట్టుబాటు: కారవాన్ నిండు బరువు కారు ఖాళీ బరువులో 85 శాతం దాటకూడదు. ఎంత లాగగలదన్న దాంట్లో గొప్పేమీ లేదు. డీజిల్ ఇంజను దేన్నయినా కదిలిస్తుంది. ఎదురుగా బర్రె అడ్డం వచ్చినప్పుడు ఆపగలదా అన్నదే చూడాలి.

లాగుడు పనిలో ఇంజను ఆయిల్ త్వరగా చెడుతుంది. మామూలుగా 10,000 కిలోమీటర్లకు మార్చేవాళ్లు 5,000 నుంచి 6,000కే మార్చండి. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టిన ఫ్లూయిడ్ దిగుడు రోడ్డులో వేడెక్కి మరిగితే పెడల్ మెత్తగా కిందికి జారుతుంది. రెండేళ్లకోసారి తప్పక మార్చాలి.

రేడియేటర్ గురించి మన జిల్లాలవాళ్లకు వేరేగా చెప్పాలి. పత్తి సీజన్‌లో, దసరా దాటాక సంక్రాంతి దాకా, పత్తి లోడు బండ్ల వెనుక తిరిగిన ప్రతి కారు రేడియేటర్‌కూ దూది నూగు పడుతుంది. భూపాలపల్లి, రామగుండం వైపు అయితే బొగ్గు దుమ్ము. ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఈ రెండూ కలిసి కంబళిలా పేరుకుంటాయి. ఒంటిగా తిరిగే కారుకు తేడా తెలియదు, కారవాన్ తగిలించగానే ఇంజను వేడి చూపే ముల్లు పైకి లేస్తుంది. లోపలి నుంచి బయటికి, అంటే ఇంజను వైపు నుంచి గ్రిల్ వైపు, తక్కువ ప్రెషర్ నీళ్లతో కడిగించండి. వాటర్ సర్వీసింగ్ కుర్రాడు దగ్గరి నుంచి గన్ పెడితే రెక్కలు వంగిపోతాయి. దగ్గరుండి చూసుకోండి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలపాలి. బోరు నీళ్లు పోస్తే సున్నం పేరుకుంటుంది.

దారిలో ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, కింది గేరులో నెమ్మదిగా పక్కకు చేరండి. ఇంజను వెంటనే ఆపకుండా కాసేపు ఐడిల్‌లో ఉంచాలి. మూత ముట్టుకోవద్దు. అరగంట ఆగి, పైహోసు చేతికి చల్లగా తగిలాకే తీయాలి.

క్లచ్ ఎక్కువగా కాలేది హైవే మీద కాదు, ఎత్తు మీదకు కారవాన్‌ను రివర్స్ చేసేటప్పుడు. కాలిన వాసన వస్తే 15 నిమిషాలు ఆపేయండి. కింద ఇద్దరు మనుషులుంటే కారవాన్‌ను విప్పి చేత్తో నెట్టడమే మేలు.

టో బార్, వైర్లు

కారవాన్‌ను తగిలించడానికి కారు వెనుక పెట్టే టో బార్‌ను ఛాసిస్‌కు కంపెనీ ఇచ్చిన రంధ్రాల్లోనే బోల్టులతో బిగించాలి. "వెల్డింగ్ పెడితే ఇంకా గట్టిగుంటది సార్" అని ఎవరన్నా అంటే అక్కడి నుంచి బండి తీసుకొచ్చేయండి. వెల్డింగ్ వేడికి ఛాసిస్ ఉక్కు ఆ చోట పెళుసుబారుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. బోల్టులు 8.8 లేదా 10.9 గ్రేడువి వాడాలి, ఆ అంకె బోల్టు తల మీదే ఉంటుంది. 12 మిల్లీమీటర్ల 8.8 బోల్టుకు దాదాపు 80 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది. కిట్ కాగితంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి.

టో బార్ మీద కప్లింగ్ కూర్చునే బంతి 50 మిల్లీమీటర్లది. అరిగి 49కి వస్తే మార్చేయాలి. మామూలు కప్లింగ్ అయితే బంతికి గ్రీజు రాయాలి. రాపిడి ప్యాడ్లున్న స్టెబిలైజర్ కప్లింగ్ అయితే చుక్క గ్రీజు కూడా తగలకూడదు. తగిలితే ప్యాడ్లు జారి, దానికి పెట్టిన డబ్బు దండగ.

ఏడు పిన్నుల సాకెట్‌లో పసుపు ఎడమ ఇండికేటర్, ఆకుపచ్చ కుడి ఇండికేటర్, ఎరుపు బ్రేక్ లైటు, నలుపు ఎడమ టెయిల్ లైటు, గోధుమ రంగు కుడి టెయిల్ లైటు, నీలం ఫాగ్ లైటు, తెలుపు ఎర్త్. బ్రేక్ తొక్కితే ఇండికేటర్ మసకబారుతున్నా, ఒక లైటు వేస్తే ఇంకొకటి వెలుగుతున్నా నూటికి తొంభై పాళ్లు తెల్ల వైరే తప్పు. బల్బులు మార్చి డబ్బు పోగొట్టుకోకుండా ముందు ఆ ఎర్త్ కొస గీకి శుభ్రం చేయండి. ఈమధ్య కార్లలో లైట్లు కంప్యూటర్‌తో నడుస్తాయి. వాటి వైరుకు చెక్కు పెట్టి టేపు చుడితే డ్యాష్‌బోర్డు నిండా హెచ్చరికలే. కారవాన్ లైట్లకు విడిగా కరెంటు ఇచ్చే బైపాస్ రిలే పెట్టించాలి. వానకాలంలో సాకెట్ పిన్నులకు పలుచగా వాజిలిన్ రాస్తే తుప్పు పట్టదు.

తగిలించే వరుస

ఈ వరుస మార్చకూడదు. ఫోన్ మోగినా సరే, మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి.

1. కారవాన్ హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టండి. లోపల గ్యాస్ సిలిండర్ దగ్గరే ఆపి, కిటికీలు, పైకప్పు మూత, ఫ్రిజ్ తలుపు గొళ్లెం చూసుకోండి.

2. మూలల కాళ్లు నాలుగూ పూర్తిగా పైకి ఎత్తండి.

3. ముక్కు చక్రం తిప్పి కప్లింగ్‌ను బంతి కన్నా కొంచెం పైకి లేపి, కారును వెనక్కి తెచ్చి, బంతి మీదకు దించండి. పచ్చ గుర్తు కనబడాలి లేదా టక్కుమని చప్పుడు రావాలి.

4. ఇక్కడే పరీక్ష: ముక్కు చక్రాన్ని మళ్లీ కిందికి తిప్పి కారు వెనుక భాగం ఒక అంగుళం పైకి లేచేదాకా చూడండి. కప్లింగ్ ఊడకపోతే పట్టుకున్నట్టే.

5. బ్రేక్‌అవే కేబుల్‌ను టో బార్ మీద దానికోసం ఉన్న రంధ్రానికి తగిలించండి. కారవాన్ విడిపోతే దాని బ్రేకు పట్టించేది ఈ సన్నటి తీగే. నేలకు ఈడ్చకూడదు, మలుపులో బిగుసుకోకూడదు.

6. కరెంటు ప్లగ్ పెట్టి, వెనుక ఒక మనిషిని నిలబెట్టి లైట్లన్నీ చూసుకోండి.

7. ముక్కు చక్రం పూర్తిగా పైకెత్తి బిగించండి. దీన్ని మరిచిపోయిన బండి మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే ఆ చక్రాన్ని పోగొట్టుకుంటుంది.

8. కారవాన్ హ్యాండ్ బ్రేకు దించి, దిమ్మెలు తీసేయండి.

తగిలించిన తర్వాత కారు వెనుక చక్రం పైనున్న అంచు నేల నుంచి ఎంత ఎత్తుందో టేపుతో కొలవండి. ఖాళీ కారు కొలతకన్నా 50 మిల్లీమీటర్లు మించి కిందికి దిగితే డిక్కీలోనో కారవాన్ ముక్కులోనో సామాను ఎక్కువైనట్టు. హెడ్‌లైట్లు ఆకాశం చూస్తాయి కాబట్టి లెవలర్ కిందికి తిప్పుకోండి.

టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూడాలి. కారు వెనుక టైర్లకు తలుపు పట్టీ మీద రాసిన ఫుల్ లోడ్ అంకె పెట్టండి. మధ్యాహ్నం వేడికి 4 నుంచి 6 పీఎస్ఐ పెరుగుతుంది, అది మామూలే. భయపడి గాలి తీస్తే టైరు గోడలు నలిగి ఇంకా వేడెక్కుతాయి, పేలేది అలాంటి టైరే. కారవాన్ టైర్లు అరగకముందే ముసలివవుతాయి. పక్కన నాలుగంకెల ముద్రలో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. అయిదేళ్లు దాటితే గాట్లు ఎంత లోతున్నా మార్చాలి.

చక్రం నట్లు బిగించాక 50 కిలోమీటర్లకు మళ్లీ చూడాలన్నది ఎక్కడైనా చెప్పే మాటే. హనుమకొండ నుంచి మేడారం దారి పట్టేవాళ్లకు గుర్తుపెట్టుకోవడం ఇంకా తేలిక: ములుగు దగ్గర గట్టమ్మ గుడి దాదాపు అంత దూరంలో ఉంటుంది, అక్కడ ఎలాగూ ఆగి కొబ్బరికాయ కొడతారు. కొట్టాక టార్క్ స్పానర్‌తో నట్లు చూసి, వెనుక చేయి పెట్టి రెండు చక్రాల హబ్‌లూ తాకండి. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉంటే బాగున్నట్టు. ఒకటి చెయ్యి పెట్టలేనంత కాలితే బేరింగ్ ఎండిపోయిందన్నా, బ్రేకు పట్టేసిందన్నా అనుకోవాలి. అలాగే ముందుకు పోతే చక్రం ఊడి పొలంలో పడుతుంది.

రోడ్డు మీద

కారవాన్ కారు కన్నా వెడల్పు. కారు చక్రం తప్పించుకున్న రాయిని కారవాన్ చక్రం తప్పించుకోదు. కోతల కాలంలో ఈ మాట గుర్తుండాలి. వానకాలం పంట నవంబర్‌లో, యాసంగి పంట ఏప్రిల్, మే నెలల్లో రోడ్డెక్కుతుంది. వడ్ల కుప్ప చుట్టూ రాళ్లు, మొద్దులు పేర్చి ఉంటాయి, రాత్రి పూట పైన నల్ల కవరు కప్పి ఉంటే తారురోడ్డుకూ దానికీ తేడా కనబడదు. పగలే ప్రయాణించండి. వడ్ల మీద ఎక్కక తప్పకపోతే ముందే 20కి తగ్గించుకుని, గింజల మీద ఉన్నంతసేపూ బ్రేకు, స్టీరింగు కదపకుండా పోవాలి. గింజలు చక్రం కింద గోళీల్లా దొర్లుతాయి, బ్రేకు వేస్తే కారు ఆగినా వెనుకది ఆగదు.

మామూలు రోడ్ల మీద 60 దాటించకండి. లారీ పక్కనుంచి దాటినప్పుడు ముందు అటు నెట్టి, తర్వాత దాని వైపు లాగుతుంది. దాంతో కారవాన్ తోక ఊపడం మొదలుపెడితే చేయాల్సింది ఒక్కటే, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు మెల్లగా తీసి స్టీరింగును నిటారుగా పట్టుకోవడం. ఎదురు తిప్పితే ఊపు పెరుగుతుంది. గట్టిగా బ్రేకు వేస్తే మడతపడుతుంది. ఊగడం ఆగాక పక్కకు ఆపి సామాను సర్దండి: బరువైనవి కింద, ఇరుసు మీద. గిన్నెలు, నీళ్ల డబ్బాలు వెనుక అలమారలో పెట్టారేమో చూడండి, తప్పు ఎక్కువగా అక్కడే ఉంటుంది.

నడుస్తున్న కారవాన్‌లో పిల్లలను పడుకోబెట్టకూడదు. అక్కడ సీటు బెల్టు లేదు.

రివర్స్ చేయడానికి స్టీరింగ్ అడుగు భాగాన్ని ఒక చేత్తో పట్టుకోండి. కారవాన్ వెనుక భాగం ఎటు పోవాలో చెయ్యిని అటే కదపండి. రెండు అరచేతుల తిప్పుడు మించితే ముందుకు పోయి మళ్లీ మొదలుపెట్టడమే నయం. ఆదివారం ఖాళీగా ఉన్న మార్కెట్ యార్డు లాంటి చోట అనుమతి అడిగి రెండు గంటలు అభ్యాసం చేస్తే చాలు.

జాగా ఎంచుకోవడం: నేల, నీళ్లు, చెట్టు

కారవాన్ల కోసమే కట్టిన పార్కులను నమ్ముకుని ఈ దారుల్లో బయలుదేరకూడదు. ఇక్కడ నికరంగా పనికొచ్చేవి పర్యాటక శాఖ హరిత హోటళ్ల ఆవరణలు, ప్రైవేటు రిసార్టుల ఖాళీ స్థలాలు, తెలిసినవాళ్ల మామిడి తోటలు. ముందే ఫోన్ చేసి నాలుగు అడగండి. గేటు వెడల్పు ఎంత? కారుతో కలిపి 10 మీటర్ల బండి తిరుగుతుందా? 15 ఆంపియర్ల ప్లగ్ ఇస్తారా? రాత్రి మరుగుదొడ్డి తెరిచి ఉంటుందా? "అన్నీ ఉన్నాయి, రండి" అన్న జవాబును నమ్మకుండా గేటు ఫొటో పంపమనండి.

నేల చూడటం రైతుకు చెప్పనక్కర్లేదు, పట్నంవాళ్లకు చెప్పాలి. ఎర్ర చెల్క నేల నీళ్లను కిందికి దింపేస్తుంది, వాన వెలిసిన పూటకల్లా బండి బయటికొస్తుంది. నల్లరేగడి ఎండలో బండలా ఉంటుంది, పగుళ్లు చూసి గట్టి నేల అనుకుంటారు. ఒక్క జల్లు పడితే జిగురు. కారు చక్రాలకు బురద బూట్లు తొడిగినట్టు అవుతుంది, ట్రాక్టర్ తెస్తే తప్ప కదలదు. నల్లరేగడిలో ఉండక తప్పకపోతే ముక్కు రోడ్డు వైపు పెట్టి, కారును రోడ్డు మీదే వదిలేయండి. మొగులు కమ్మగానే చీకటి పడకముందే బయటపడాలి.

చెరువు పక్కన చదునుగా, పచ్చగా కనిపించే ఖాళీ జాగా చాలాసార్లు శిఖం భూమి. నీళ్లు తగ్గాక బయటపడిన చెరువు కడుపది. వానకాలంలో అది చెరువుదే. కట్టకు కింది వైపు, మత్తడి కాలువ పక్కన కూడా ఆగకూడదు. ఆగితే కట్ట మీదకన్నా ఎత్తైన పక్క గట్టు మీదే. ఇసుక మేటలున్న ఎండిన వాగు ఎంత అందంగా ఉన్నా రాత్రి నిద్రకు పనికిరాదు, పైన ఎక్కడో కురిసిన వాన ఇక్కడ చుక్క పడకుండానే వస్తుంది. 2023 జులై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన నమోదైంది. అదే రోజు మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరు మొత్తం మునిగింది. లోలెవల్ కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే లోతు ఎంతైనా కారవాన్‌తో దిగొద్దు. పెట్టెలాంటి దాని పక్కగోడను నీళ్లు తెరచాపను గాలి నెట్టినట్టు నెడతాయి, అది కారును కూడా లాక్కుపోతుంది.

చెట్టు నీడ కావాలి, ఏ చెట్టన్నది చూడాలి. వేప మంచిది. మామిడి నీడ బాగుంటుంది, పైకప్పు మీద జిగురు కారుతుంది. తాటిచెట్టు కిందా కొబ్బరి కిందా ఆపితే పైకప్పు మూత పగలడం ఖాయం. ఇప్పచెట్టు కింద మార్చి, ఏప్రిల్‌లో అసలే వద్దు. రాలిన ఇప్పపూల కోసం తెల్లవారుజామున ఎలుగుబంట్లు వస్తాయి. పెద్ద చెట్ల కొమ్మలకు తేనెపట్టు ఉందేమో తల పైకెత్తి చూడండి, కింద పొయ్యి పొగ లేస్తే మిమ్మల్నే వెతుక్కుంటూ వస్తాయి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో గాలివానకు వేలాది చెట్లు కూలాయి. కాబట్టి మొగులు ముసిరిన రాత్రి అడవి చెట్ల కింద కన్నా ఖాళీ మైదానమే మేలు.

ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాల్లో, కవ్వాల్ పులుల సంరక్షణ కేంద్రంలో రాత్రి ఉండాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. లోపల మంట వేయడం నేరం. చెక్‌పోస్టు దాటేలోగా చీకటి పడకుండా చూసుకోండి.

నిలబెట్టడం

ముందు అడ్డం, తర్వాత నిలువు. కారు విప్పకముందే, పల్లంగా ఉన్న వైపు చక్రం కింద ర్యాంపు పెట్టి ఎక్కించి, లోపల నేల మీద లెవల్ గొట్టం పెట్టి చూడండి. కారు విప్పాక ముక్కు చక్రంతో ముందూ వెనుకా సరిచేయాలి. మూలల కాళ్లు ఊగకుండా ఆపడానికే, బండిని లేపడానికి కాదు. వాటితో లేపితే కాళ్లు వంగుతాయి, తలుపు పట్టేస్తుంది. ప్రతి కాలు కింద అడుగు చదరపు చెక్క వేయండి. పాత ప్యాకింగ్ చెక్కలు చాలు.

ఎండకాలంలో పొడుగు గోడలు ఉత్తరం, దక్షిణం వైపు చూసేలా పెడితే సాయంత్రపు పడమటెండ చిన్న గోడకే తగులుతుంది. తేడా రాత్రి తొమ్మిదికి తెలుస్తుంది. అయినా రామగుండం వైపు 45 డిగ్రీలు కాసే రోజుల్లో కారవాన్‌లో పడుకోవడం సరదా కాదు. మన దగ్గర కారవాన్ కాలం దసరా నుంచి శివరాత్రి దాకా. చలి శివశివా అంటూ పోయాక బండిని షెడ్డులో పెట్టేయొచ్చు.

కరెంటు, గ్యాస్, నీళ్లు

చలికాలం ఒక రోజు లెక్క: 45 వాట్ల 12 వోల్టుల ఫ్రిజ్ సగం సేపు తిరిగితే 540 వాట్ అవర్లు. 28 వాట్ల ఫ్యాను నాలుగు గంటలకు 112. లైట్లు 50, ఫోన్లు 40. మొత్తం 742. వంద ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి, అంటే 600. ఒక రోజుకు చాలదు. అదే సైజు లిథియం ఫాస్ఫేట్‌లో 80 శాతం వాడుకున్నా 1,000 దాటుతుంది, బరువు 12 కిలోల చుట్టుపక్కలే. ఇందాకటి తూకం లెక్కలో 20 కిలోలకు పైగా మిగిలేది ఇక్కడే. రెండు వందల వాట్ల సోలార్ పలక రోజుకు దాదాపు 675 ఇస్తుంది, కానీ ఎండలో ఉంటేనే. పైకప్పు మీద బిగించకుండా అయిదు మీటర్ల వైరుతో విడి పలక పెట్టుకుంటే బండి నీడలో, పలక ఎండలో ఉంటాయి. బ్యాటరీ పాజిటివ్ కొస నుంచి జానెడు లోపే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు లేని వైరు రాసుకుంటే మంటే.

బయటి ప్లగ్‌కు తగిలించేముందు టెస్టర్‌తో ఎర్త్ ఉందో లేదో చూడండి, చాలాచోట్ల పేరుకే మూడో రంధ్రం. కారవాన్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి, ఉండాలి. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరును చుట్ట మొత్తం విప్పి వాడాలి, చుట్టలోనే వదిలేస్తే వేడెక్కి పొర కరుగుతుంది. తోటలో బోరు స్టార్టర్ డబ్బా నుంచి కరెంటు తీసుకోవడం, ఎవరెంత భరోసా ఇచ్చినా, వద్దు.

గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. అందుకే సిలిండర్ పెట్టే గూటి అడుగున రంధ్రం ఉండాలి, దాని మీద సామాను పెట్టకూడదు. ఐఎస్ఐ గుర్తున్న హోసునే వాడి, అయిదేళ్లకు మార్చండి. ప్రతి ప్రయాణం ముందు కీళ్లకు సబ్బు నురగ రాసి బుడగలు వస్తాయేమో చూడాలి. వంట చేసేటప్పుడు పైకప్పు మూత, ఒక కిటికీ తెరిచే ఉంచండి.

నీళ్లు మనిషికి రోజుకు 15 లీటర్లు పెట్టుకోండి. తాగడానికి 20 లీటర్ల క్యాన్ వేరే. ఆరు నెలలకోసారి 60 లీటర్ల ట్యాంకులో 5 శాతం హైపోక్లోరైట్ ద్రావణం 60 మిల్లీలీటర్లు కలిపి, నాలుగు గంటలు ఉంచి, వదిలేసి, రెండుసార్లు కడగాలి. మరుగుదొడ్డి క్యాసెట్‌ను అడిగి సెప్టిక్ ట్యాంకు ఉన్న దొడ్లోనే పారబోయండి. చెరువు గట్టు మీద పారబోసిన మొదటి మనిషి పేరు మీద తర్వాత వచ్చే వందమందికి ఆ ఊళ్లో జాగా దొరకదు.

కోతులు తలుపు గొళ్లెం తీయగలవు. చెప్పులు లోపలే పెట్టుకోండి, బయట వదిలితే పొద్దున్నే దులిపి తొడగండి. పాము కరిస్తే కట్టు కట్టడం, కోయడం మాని, కరిచిన కాలిని కదపకుండా 108కి ఫోన్ చేయాలి.

ఎటు పోవాలి

మొదటి రాత్రి 50 కిలోమీటర్లు దాటకండి. నర్సంపేట మీదుగా పాకాల వైపు వెళ్లి దగ్గర్లో తెలిసిన తోటలో ఉంటే, ఏది మరిచిపోయినా ఇంటికొచ్చి తెచ్చుకోవచ్చు. రెండోది రామప్ప: జాతీయ రహదారి 163 మీద ములుగు దాటి ఎడమకు తిరగడం, చదును దారి, పక్కనే చెరువు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక సెలవు రోజుల్లో పార్కింగ్ నిండిపోతుంది, వారం మధ్యలో పోండి. లక్నవరానికి చివరి దారి అడవి మలుపులది, శని ఆదివారాలు ఎదురుబండ్లతో కారవాన్ ఇరుక్కుంటుంది. వేలాడే వంతెన అవతలికి బండి రాదు, ఒడ్డునే ఉంచాలి.

బొగత జలపాతం నిండుగా దూకేది వానకాలంలో, అంటే కారవాన్‌కు సరిపడని కాలంలో. దాన్ని కారులో చూసి రండి. కాళేశ్వరం దారిలో బొగ్గు, ఇసుక లారీలు ఎక్కువ. తెల్లవారి బయలుదేరి మధ్యాహ్నానికి చేరుకోవాలి. కుంటాల, జన్నారం చూడాలంటే రెండు రోజుల దారి పెట్టుకోండి. నిర్మల్ దాటాక ఘాట్‌లో ఎక్కిన గేరులోనే దిగాలి. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. ముందూ వెనుకా కలిపి రెండు వారాలు ములుగు దారిలో కారవాన్ మాట మరిచిపోండి.

ఇంటి దగ్గర, వానలకు ముందు

రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు, సీలెంట్ ఒక లెక్కా? జూన్ మొదటి వారంలో, మృగశిర రాకముందే పైకప్పు అంచులు, కిటికీ చుట్టూ, లైట్ల చుట్టూ వేలితో నొక్కుకుంటూ పోండి. పెళుసుగా రాలితే పూర్తిగా గీకి, స్పిరిట్‌తో తుడిచి, పట్టీల కింద బ్యూటైల్ టేపు, పైన పాలీయురేతేన్ సీలెంట్ వేయాలి. హార్డ్‌వేర్ షాపులో చవకగా దొరికే సిలికాన్ వద్దు. ఒకసారి అది పట్టిన చోట తర్వాత ఏదీ అతుక్కోదు. లోపల మూలల్లో ప్లైవుడ్ మెత్తగా దిగబడినా, ముక్కవాసన వచ్చినా నీళ్లు అప్పటికే దిగాయి.

నాలుగు నెలలు నిలిపేటప్పుడు చక్రాలకు దిమ్మెలు పెట్టి హ్యాండ్ బ్రేకు దించి ఉంచండి, లేదంటే తేమకు బ్రేకు షూలు డ్రమ్ముకు అతుక్కుంటాయి. బ్యాటరీ నెగటివ్ విప్పాలి. ఫ్రిజ్ తలుపు కొంచెం తెరిచి ఉంచాలి. నీళ్ల పైపులు, వైర్లు లోపలికి పోయే రంధ్రాల్లో స్టీలు పీచు కుక్కండి. ఊరి పక్క షెడ్డులో ఎలుకకు, పందికొక్కుకు కారవాన్ అంటే మూడు పడకల ఇల్లు, దసరాకు మీరు తలుపు తీసేసరికి వైరింగు సగం తినేసి ఉంటుంది.